మధ్య గీత దగ్గర అర అడుగు

నేను రగ్బీ రిఫరీగా పనిచేశానని మా ఏలూరులో ఎవరికైనా చెబితే ముందు కొంచెం ఆగుతారు. తర్వాత, "అంటే కోడిగుడ్డులాంటి బంతితో ఆడతారు, అదేనాండీ?" అంటారు. అదేనండీ అంటాను. మాట అక్కడితో అయిపోతుంది.

నా పేరు సువార్త. ఉద్యోగం పెదవేగి దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీ. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ నేర్పడం జీతం వచ్చే పని. రగ్బీ ఆదివారాల పని. చర్చిలో ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి, చీర మార్చుకుని ట్రాక్‌సూటు వేసుకుని బస్సెక్కేదాన్ని. ఒక వారం గూడెం, ఒక వారం కైకలూరు, ఒక్కోసారి ఏలూరులోనే. ఈ వైపు ఈ ఆటకి మనుషులు తక్కువ. అందుకని ఒకరే ఒక జట్టుకి శిక్షణ ఇస్తూ, వేరే జట్ల మ్యాచులకి రిఫరీగా వెళ్లేవాళ్లం. నేనూ అంతే.

రిటైరయ్యాక కొత్తగా ఈల పట్టుకుంటున్న పిల్లలు కొందరు మా ఇంటికి వస్తున్నారు. వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. చిన్న చిన్న తప్పులకి ఈల ఊదాలా, వదిలేయాలా? అందులోనూ ఆట ఆగి మళ్లీ మొదలయ్యే చోట, అడుగు అటో ఇటో అయినప్పుడు ఏం చేయాలి? నోటితో చెబితే సగమే చెప్పగలుగుతున్నాను. మిగతా సగం గొంతులోనే ఉండిపోతోంది. అందుకని రాస్తున్నాను. ఇందులో సంతోషం కలిగించే సంగతులు తక్కువని ముందే చెబుతున్నాను.

నియమం ఏమిటి

మేం ఆడించింది ఏడుగురి ఆట. ఒక జట్టు పాయింట్లు చేశాక ఆట మళ్లీ మధ్య గీత దగ్గర మొదలవుతుంది. పాయింట్లు చేసిన జట్టే బంతిని తన్నాలి. బంతిని నేలకి జారవిడిచి, అది పైకి లేస్తుండగా తంతారు. బంతి ఎత్తుగా లేచి అవతలి వైపు పడుతుంది. దాన్ని పట్టుకోవడానికి అవతలి జట్టులో ఒకరు పైకి ఎగురుతారు. తన్నిన జట్టు వాళ్లు కూడా దానికోసమే పరిగెత్తుతారు.

నియమం చిన్నది. బంతికి కాలు తగిలేదాకా తన్నే జట్టు వాళ్లంతా బంతికి వెనకే ఉండాలి. ఒక్కరు ముందుకొచ్చినా తప్పే. అప్పుడు రిఫరీ ఈల ఊది, మధ్య గీత దగ్గరే బంతిని అవతలి జట్టుకి ఇచ్చేస్తాడు.

చూసేవాళ్లకి ఇది చాదస్తంలా కనిపిస్తుంది. అంత పెద్ద మైదానంలో అర అడుగు ఏపాటిది? మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఆ అనుమానం తీర్చినవారు సోమయాజులు గారు.

సోమయాజులు గారు

ఆయన గూడెంలో ఒక కాలేజీకి ఫిజికల్ డైరెక్టరు. పురోహితుల ఇంట పుట్టి, తండ్రి మాట కాదని ఆటల్లోకి వచ్చారు. మా వైపు రిఫరీలందరికీ పెద్ద. సన్నగా, పొడుగ్గా, ఎండలో నిలబడి నిలబడి కమిలిపోయిన మొహంతో ఉండేవారు. ఆయన్ని చాటున 'మడి రిఫరీ' అనేవాళ్లు. గీతకి అర అడుగు ముందు కాలు పడితే చాలు, మైలపడిపోయినట్టు ఈల ఊదుతారని. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "పోనీలేమ్మా, మడి అంటే శుభ్రమేగా" అనేవారు.

నేను పని నేర్చుకుంటానని వెళ్లినప్పుడు ఆయన నాకు ఈల ఇవ్వలేదు. వాళ్ల కాలేజీ మైదానంలో, బంతి పడే వైపు నిలబెట్టి, "పట్టుకోండమ్మా" అన్నారు. మధ్య గీత దగ్గర నలుగురు అమ్మాయిల్ని నిలబెట్టారు. మొదటిసారి వాళ్లని గీత వెనకే ఉంచి బంతిని తన్నించారు. బంతి వచ్చింది, ఎగిరాను, పట్టుకున్నాను. కిందికి దిగి కాళ్లు నిలదొక్కుకున్నాకే వాళ్లు నన్ను చేరారు.

రెండోసారి వాళ్లతో ఆయన ఏదో చెప్పారు. బంతి లేచింది. నేను తలెత్తి దాన్నే చూస్తున్నాను. అది ఇంకా గాల్లో ఉండగానే, నాకు బాగా దగ్గరలో పాదాల చప్పుడు వినిపించింది. ఒళ్లు బిగుసుకుపోయింది. బంతి చేతుల్లోంచి జారిపోయింది. ఆ అమ్మాయిలు నన్ను గుద్దలేదు, పక్కనుంచి వెళ్లిపోయారు. అంతకుముందే ఆయన అలా చెప్పి ఉంచారట.

"ఈసారి వాళ్లు అర అడుగు ముందు బయల్దేరారమ్మా. ఇప్పుడు చెప్పండి, అర అడుగంటే ఎంత?"

నాకు ఇంకా ఆయాసం తగ్గలేదు.

"గాల్లో ఉన్న మనిషికి కాళ్లు లేవు. తప్పుకోలేదు, ఆగలేదు. ఆ గీత ఆ మనిషి కోసం గీసింది. మనం మర్చిపోకూడదు."

ఈ పనిలో నాకు దొరికిన అసలు చదువు అదే.

గూడెంలో ఆ ఫైనల్

కైకలూరు అమ్మాయిల జట్టు సంగతి చెప్పాలి. కొల్లేటి లంకల్లోంచి వచ్చే పిల్లలు వాళ్లు. ఒక చెరువుల ఆసామి చేపల మేత వేసుకొచ్చే తన వ్యాను వాళ్లకి ఇచ్చేవాడు. పిల్లలు దిగినా ఆ మేత వాసన వాళ్ల బట్టల్ని వదిలేది కాదు. మొదట్లో మిగతా జట్లు ముక్కులు మూసుకునేవి. వీళ్ల ఆట చూశాక మానేశాయి.

ఆ జట్టులో వేగంగా పరిగెత్తే పిల్ల నాగమణి. చేపలు పట్టే కుటుంబం. మాట తక్కువ, చూపు ఎప్పుడూ బంతి మీదే.

గూడెంలో ఫైనల్, కైకలూరుకీ గూడేనికీ. ఏ జట్టుకీ శిక్షణ ఇవ్వరు కాబట్టి సోమయాజులు గారే రిఫరీ, నేను ఆయనకి సాయంగా మధ్య గీత కొసన, మైదానం అంచున జెండా పట్టుకున్నాను. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకి వెళ్తుంది. కైకలూరు నుంచి ఇంతకుముందు ఏ అమ్మాయీ అంత దూరం వెళ్లలేదు.

మొదటి సగంలోనే నాగమణి ఒకసారి బంతికి ముందు బయల్దేరింది. సోమయాజులు గారు ఈల ఊదారు. ఆ పిల్లని పిలిచి, గీత చూపించి, "తన్నాక కదలాలి తల్లీ" అన్నారు. ఆమె తలూపింది. ఆ తప్పు వల్ల కైకలూరుకి పెద్ద నష్టం రాలేదు కాబట్టి ఎవరికీ గుర్తులేదు.

చివర్లో కైకలూరు పాయింట్లు చేసి ముందంజలోకి వచ్చింది. వ్యాను తెచ్చిన ఆసామి మనుషులు తువ్వాళ్లు ఊపుతున్నారు. ఇంక కాసేపే ఉంది. పాయింట్లు చేసింది వాళ్లు కాబట్టి వాళ్లే తన్నాలి. తన్నారు. ఈల మోగింది. నాగమణి పాదం గీత దాటి ఉంది. అర అడుగు. నేను నిలబడ్డ చోటినుంచి స్పష్టంగా కనిపించింది. అనుమానం లేదు.

బంతి గూడెం జట్టు చేతికి వచ్చింది. వాళ్లు తడుముకోకుండా మధ్యలోంచి దూసుకుపోయి పాయింట్లు చేశారు. మ్యాచ్ అయిపోయింది. గూడెం గెలిచింది.

కైకలూరు పిల్లలు ఏడవలేదు. మైదానం మధ్యలో అలా కూర్చుండిపోయారు. ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది. జనం సోమయాజులు గారిని నానా మాటలూ అన్నారు. ఒకాయన దగ్గరికొచ్చి, "ఏవండీ, మీది గూడెమేగా. ముందే చెబితే మేం రాకుండా ఉండేవాళ్లం కదండీ" అన్నాడు. గొంతు పెంచకుండా అన్నాడు. అందుకే ఎక్కువ తగిలి ఉంటుంది.

బస్టాండు వైపు ఇద్దరం నడుస్తున్నప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను.

"చివరి నిమిషం కదా మాస్టారూ. చూసీ చూడనట్టు ఉంటే పోయేది కదండీ."

"చివరి నిమిషంలో గీత పక్కకి జరుగుతుందామ్మా?"

"గీత జరగదు లెండి. కానీ ఆ పిల్లలు ఎంత దూరం నుంచి వచ్చారండీ."

"ఆ పిల్లల్ని నేనూ చూశాను. అవతల బంతి కోసం ఎగరబోతున్న పిల్లని కూడా చూశాను. నేను కళ్లు మూసుకుంటే ఒకళ్ల పక్షం చేరినట్టే."

టీ కొట్టు దగ్గర ఆగాం. ఆయన గ్లాసు తీసుకున్నారు. పెదవుల దాకా తెచ్చి ఆపేశారు. గ్లాసు బల్ల మీద పెట్టేసి, మళ్లీ ముట్టుకోలేదు.

ఆ తర్వాత కైకలూరుకి వ్యాను రావడం ఆగిపోయింది. ఆసామి కోపం రిఫరీ మీద, నష్టం పిల్లలకి. కొద్ది నెలల్లో జట్టు చెదిరిపోయింది. ఇద్దరికి పెళ్లిళ్లయ్యాయి. కొందరు రొయ్యల షెడ్డులో పనికి వెళ్లారు. నాగమణి మాత్రం ఏలూరులో కాలేజీలో చేరి, ఏలూరు జట్టుకి ఆడటం మొదలుపెట్టింది.

సోమయాజులు గారి నిర్ణయం సరైనదని ఆ రోజు ఒప్పుకోలేకపోయినా, ఇప్పుడు అంటాను. సరైన నిర్ణయం వల్ల కూడా పిల్లలు నష్టపోతారు. ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చరు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు దీన్ని ముందే తెలుసుకోవాలి. "నేను నియమం ప్రకారమే చేశాను" అనుకుంటే నిద్ర పడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

జనం ఈల వినడానికి రారండీ

ఆ ఫైనల్ తర్వాత మా వైపు రగ్బీ సంఘం కార్యదర్శి గారు రిఫరీలందరినీ ఏలూరు పిలిపించారు. ఆయన చెడ్డ మనిషి కారు. సొంత పనులు మానుకుని ఆట కోసం తిరిగేవారు. మైదానానికి జనం రావాలన్నదే ఆయన ఆరాటం.

"జనం ఆట చూడ్డానికి వస్తారండీ. ఈల వినడానికి రారండీ," అన్నారాయన. "మొదలయ్యే దగ్గర అడుగు అటూ ఇటూ అయితే పట్టించుకోకండి. ఆట సాగనివ్వండి."

సోమయాజులు గారు లేచి, "అయితే గీత చెరిపేద్దామాండీ?" అన్నారు. ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు.

నేను అన్నాను, "చిన్న తప్పులన్నీ ఒకటి కావండీ. ఏవి వదలొచ్చో, ఏవి వదలకూడదో విడివిడిగా మాట్లాడుకుందామండీ."

"తర్వాత చూద్దాంలెండి మేడం" అన్నారు కార్యదర్శి గారు. ఆ తర్వాత అనేది రాలేదు.

సోమయాజులు గారిని ఎవరూ తీసేయలేదు. తీసేశామని ఎవరూ చెప్పలేదు. మ్యాచులకి పిలవడం మానేశారు, అంతే. మన వైపు మనిషిని పక్కన పెట్టే పద్ధతి ఇదే, ఎంతో మర్యాదగా ఉంటుంది. ఆయన ఆదివారాలు మైదానానికి వచ్చి, ఒక పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆట చూసి వెళ్లిపోయేవారు. జేబులో ఈల ఉండేదని నాకు తెలుసు.

ఆ ఏడాది ఆట నిజంగానే వేగంగా సాగింది. జనం పెరిగారు. అదే సమయంలో ఇంకొకటి కూడా జరిగింది. వదిలేసిన అర అడుగు అర అడుగుగా ఉండలేదు. వారాలు గడిచేకొద్దీ అడుగైంది, తర్వాత రెండడుగులైంది. పిల్లలు మోసగాళ్లు కారు. ఈల ఎక్కడ మోగుతుందో అక్కడిదాకా వెళ్తారు, మోగకపోతే ఇంకొంచెం వెళ్తారు. పొలం గట్టు మీద నడిచేవాళ్లకి గట్టు కనిపించకపోతే చేల్లోనే నడుస్తారు కదా.

రూతు

రూతు మా పెదవేగి జట్టు పిల్ల. వాళ్ల నాన్న పామాయిలు తోటల్లో గెలలు కోసే పని చేసేవాడు. పొడవాటి గెడకి కట్టిన కొడవలితో రోజంతా తలెత్తి పనిచేసి ఆయన మెడ కొంచెం వెనక్కి వంగి ఉండేది. రూతు ఎనిమిదో తరగతిలో నా దగ్గరికి వచ్చింది. ఎత్తు నుంచి పడే బంతిని పట్టుకోవడంలో ఆ పిల్లని మించినవాళ్లని నేను చూడలేదు. అంత చక్కటి చేతులు. పీఈటీ అవుతానని అనేది. "మీ ఉద్యోగం ఎప్పుడు ఖాళీ అవుతుందండీ టీచరు గారూ?" అని నన్నే అడిగేది.

ఆ రోజు ఏలూరులో పెదవేగికీ ఏలూరుకీ మ్యాచ్. మా జట్టే ఆడుతోంది కాబట్టి నేను శిక్షకురాలిగా గీత బయట ఉన్నాను. రిఫరీ ప్రదీప్. కుర్రవాడు, చురుకైనవాడు, అందరికీ ఇష్టమైనవాడు. కార్యదర్శి గారు చెప్పినట్టు ఆటని ఆపకుండా నడిపేవాడు.

మొదటి సగం అయ్యాక నేను అతని దగ్గరికి వెళ్లాను.

"బాబూ, తన్నేటప్పుడు బాగా ముందుంటున్నారు. ఒక్కసారి చూస్తారా?"

"చూస్తున్నానండీ మేడం. రెండు జట్లూ అలాగే ఉన్నాయి కదండీ. సమానంగానే పోతోంది లెండి."

ఆ మాట న్యాయంగానే వినిపిస్తుంది. ఇద్దరికీ వదిలేస్తే ఇద్దరికీ సమానమే కదా అని. కానీ ఆ వదిలేసింది పడేది జట్టు మీద కాదు, గాల్లో ఎగిరిన ఒక్క మనిషి మీద. అది చెప్పడానికి నేను నోరు తెరిచేలోపు అతను ఈల ఊది ఆట మొదలుపెట్టేశాడు.

రెండో సగంలో ఏలూరు పాయింట్లు చేసింది. వాళ్లు తన్నారు. బంతి బాగా ఎత్తుకి లేచింది. రూతు దాని కిందికి వచ్చి ఎగిరింది. ఏలూరు వైపునుంచి నాగమణి పరిగెత్తుకొస్తోంది. గీత దాటి రెండడుగులు ముందే బయల్దేరింది. ఆమె కూడా బంతినే చూస్తోంది. రూతుని చూడలేదు. ఆ పిల్లకి గుద్దాలన్న ఆలోచన లేదని నేను ఎవరి ముందైనా చెబుతాను.

నాగమణి భుజం రూతు నడుముకి తగిలింది. రూతు గాల్లోనే తిరగబడి, తలా కుడి భుజమూ ముందుగా నేలకి కొట్టుకుంది.

నేను వెళ్లేసరికి కళ్లు తెరిచే ఉంది. "టీచరు గారండీ, నా చెయ్యి ఎక్కడుందండీ?" అంది. చెయ్యి పక్కనే ఉంది. ఆ పిల్లకి తెలియడం లేదు.

ఏలూరు ఆసుపత్రిలో చూసి విజయవాడ పంపారు. మెడ నుంచి చేతికి వెళ్లే నరాలు తెగాయని అక్కడ డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. చెయ్యి గురించి అడిగితే, "చూద్దామండీ" అన్నారు. ఆ 'చూద్దాం' అనే మాటకి అర్థం రూతు వాళ్ల నాన్నకి నాకంటే ముందే తెలిసింది. వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని, తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని చూసుకుంటూ ఉండేవాడు.

సోమయాజులు గారు గూడెం నుంచి వచ్చారు. రూతు తండ్రి పక్కన నేల మీద కూర్చున్నారు. బయటికి వచ్చాక నేను, "మీరు చెప్పినట్టే జరిగింది మాస్టారూ" అన్నాను.

"అలా అనకండమ్మా. నా మాట నిజం కావాలని నేనెప్పుడూ కోరుకోలేదు."

కొంచెం నడిచాక మళ్లీ ఆయనే అన్నారు. "నేను ఊదిన రోజు కైకలూరు పిల్లల ఆట పోయింది. ఊదని రోజు ఈ పిల్ల చెయ్యి పోయింది. ఏది పెద్దదో నాకు తెలుసు. అయినా ఆ మొదటిది నన్ను వదల్లేదు. ఇంక ఇది ఆ కుర్రాణ్ణి ఏం వదుల్తుంది?"

ఆయన అన్నది నిజమే. కొన్ని రోజులకి ప్రదీప్ మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను చూశానండీ మేడం. ముందే వెళ్లింది. కనపడింది. ఎప్పుడూ అలాగే వెళ్తున్నారు కదా అని ఊరుకున్నానండీ. నోట్లో ఈల ఉంది."

మళ్లీ అతను మైదానానికి రాలేదు.

సంఘం తరఫున, ఆటలో దెబ్బలు సహజమన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అది ఎక్కడైనా పనికొస్తుంది. తల్లిదండ్రులు మాత్రం దాన్ని వాళ్లకి తెలిసినట్టు అర్థం చేసుకున్నారు. పెదవేగిలో ఆడపిల్లల్ని పంపడం మానేశారు. తర్వాత గూడెంలోనూ తగ్గింది. కార్యదర్శి గారు కోరుకున్న జనం ఒక్క ఏడాది వచ్చి వెళ్లిపోయారు.

నేను ఊదిన తీరు

ఆ తర్వాత ఇంకొన్నేళ్లు నేను రిఫరీగా ఉన్నాను. అబ్బాయిల మ్యాచులే ఎక్కువ. నా పద్ధతి ఇదీ, నచ్చితే తీసుకోండి.

ఎవరికీ లాభం లేని తప్పుని నేను వదిలేసేదాన్ని. తన్నేవాడు మైదానం సరిగ్గా నడిమధ్య కాకుండా కాస్త పక్కన నిలబడ్డాడు, చెమటకి బంతి చేతిలోంచి జారితే మళ్లీ తీసుకున్నాడు, ఇలాంటివి. వాటికి ఈల ఊదేవాడికి ఆట మీద కంటే ఈల మీద ప్రేమ ఎక్కువ. అలాంటి రిఫరీల్ని కూడా చూశాను. సోమయాజులు గారు వాళ్లలో ఒకరని జనం అనుకున్నారు గానీ, కాదు.

ముందు బయల్దేరడం మాత్రం ఎప్పుడూ వదల్లేదు. అది కూడా చివరిదాకా దాచి ఉంచకూడదు. ఆట మొట్టమొదటి తన్నులోనే ఊదాలి. ఒకసారి ద్వారకా తిరుమల దగ్గర స్కూలు మైదానంలో అలాగే ఊదితే, ఒక జట్టు మాస్టారు నా మీదికి వచ్చారు.

"ఏవండీ, ఇంకా మొదలవ్వకుండానే ఆపేస్తే ఎలాగండీ?"

"ఇప్పుడు ఆపితే తర్వాత ఆపక్కర్లేదండీ."

"పిల్లలు బెదిరిపోతారండీ."

"బెదరనివ్వండి. నన్ను చూసేగా."

ఆ మ్యాచులో మళ్లీ ఎవరూ ముందుకు రాలేదు. దీనివల్ల నాకు మంచి పేరేమీ రాలేదు. గయ్యాళి టీచరని పేరొచ్చింది. చెడు జరగకుండా ఆపినందుకు ఎవరూ మెచ్చుకోరు. ఎందుకంటే ఆ చెడు ఎవరికీ కనపడదు. మెప్పు కావాలంటే ఈ పనిలోకి రాకండి.

ఇంకొకటి. గీత గాల్లో ఎగిరే పిల్లని కాపాడుతుందని సోమయాజులు గారు నేర్పారు. అది పరిగెత్తే పిల్లని కూడా కాపాడుతుందని నేను నాగమణిని చూసి తెలుసుకున్నాను. ఆయన ఊదిన రోజు నాగమణి ఒక మ్యాచ్ పోగొట్టుకుంది. ఎవరూ ఊదని రోజు ఏం పోగొట్టుకుందో నాకు తర్వాత తెలిసింది.

సోమయాజులు గారు పోయి కొన్నేళ్లయింది. కబురు నాకు ఆలస్యంగా అందింది.

నాగమణి ఫోను

నేను రిటైరైన ఏడాది నాగమణి ఫోన్ చేసింది. గొంతు గుర్తుపట్టలేదు. కైకలూరులో రొయ్యల షెడ్డులో పనిచేస్తున్నానని చెప్పింది. రూతుకి దెబ్బ తగిలిన నెల నుంచే ఆడటం మానేసిందట, కాలేజీ కూడా మధ్యలోనే వదిలేసిందట.

"టీచరు గారండీ, రూతు వాళ్లింటికి నన్ను తీసుకెళ్తారాండీ? ఒక్కదాన్నీ వెళ్లలేకపోతున్నానండీ. రెండుసార్లు ఏలూరు దాకా వచ్చి వెనక్కెళ్లిపోయానండీ."

ఏలూరు బస్టాండులో కలుసుకున్నాం. మనిషి చిక్కిపోయింది. ఐసులో పనిచేసి చేతి వేళ్లు పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి. పండ్ల సంచీ ఒళ్లో పెట్టుకుని, పెదవేగి చేరేదాకా దాని ముడి విప్పుతూ, వేస్తూ కూర్చుంది. దారికి రెండు పక్కలా పామాయిలు తోటలు.

రూతు ఇంటి ముందు నర్సరీ సంచుల్లో మట్టి నింపుతోంది. ఎడమ చేత్తో మట్టి తీసి, సంచీని మోకాళ్ల మధ్య ఇరికించుకుని నింపుతోంది. కుడి చెయ్యి చున్నీతో ఒంటికి కట్టి ఉంది. లేకపోతే ఊగుతూ అడ్డొస్తుందట. మమ్మల్ని చూసి లేచింది. నాగమణిని వెంటనే గుర్తుపట్టింది.

వాళ్లమ్మ మాకు కుర్చీలు వేసింది. నాగమణి కూర్చోలేదు.

"నేను ముందే బయల్దేరాను రూతూ," అంది. ఇన్నేళ్లూ లోపల మోసిన మాట, ఊపిరి తీసుకోకుండా అనేసింది. "తన్నకముందే వచ్చేశాను. తెలిసే వచ్చాను."

"తెలుసు," అంది రూతు. "చూశాను."

"నన్నేమైనా అను."

రూతు చేతి మట్టి దులుపుకుంది. "ఏమంటాను? నేనూ అంతేగా. ఆ రోజు మొదటి సగంలో మేం తన్నినప్పుడు నేనూ అంతే ముందు బయల్దేరాను. అవతల మీ పిల్ల ఎగరలేదు. ఎగిరుంటే నేనే పడేసేదాన్ని."

నాగమణి అప్పుడు కింద కూర్చుంది. రూతు పక్కనే, మట్టి కుప్ప దగ్గర. ఇద్దరూ ఏడవలేదు. కొంచెంసేపయ్యాక నాగమణి ఒక ఖాళీ సంచీ తీసుకుని తెరిచి పట్టుకుంది. రూతు అందులో మట్టి పోసింది.

రూతు వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆవిడ ఆట ఎప్పుడూ చూడలేదు. గీత సంగతి ఆవిడకి అప్పుడే తెలిసింది. నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అడిగింది.

"అయితే ముందు వెళ్లకూడదని ఈ పిల్లలిద్దరికీ తెలుసన్నమాట. పెద్దోళ్లు మీరంతా ఉన్నారు కదండీ అక్కడ. మరి మీరెవరూ ఎందుకు ఆపలేదండీ?"

నిలదీసినట్టు అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ప్రదీప్‌తో నేను మాట్లాడిన మాట చెప్పొచ్చు. కార్యదర్శి గారి మాట, జనం మాట చెప్పొచ్చు. అవన్నీ నోటిదాకా వచ్చాయి. ఆ వాకిట్లో అవేవీ జవాబులా అనిపించలేదు.

ఆవిడ కాసేపు నా మొహం చూసింది. తర్వాత, "ఎండలో వచ్చారు, మంచినీళ్లు తెస్తానండీ" అని లోపలికి వెళ్లింది.